చేప నోరు చూసి మేత వేయండి
చంద్రగిరి పక్కన మాకో చిన్న కుంట ఉంది. మొదటి ఏడాది తవుడూ చెనక్కాయ చెక్కా కలిపి గట్టు మీద నుంచే చల్లేశాను. చాలావరకు నీళ్లపాలైంది. మీరలా చేయొద్దు.

చేపపిల్లలను వదిలేముందు ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని నోరు చూడండి. బొచ్చె చేపకు కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తిరిగి ఉంటుంది. పైనీళ్లలో తేలే సన్నటి పురుగుల్లాంటి జీవులే దాని అసలు తిండి. రాగండి పెదవులు కుచ్చుల్లా ఉంటాయి, అది నడిమి నీళ్లలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కాస్త కిందికి, అడుగున కుళ్లిన ఆకూ అలమూ ఏరుకుంటుంది. గడ్డిచేపకు పళ్లు గొంతులో! సాయంత్రం లేత గడ్డి కోసి వేస్తే పొద్దున్నకు ముదురు కాడలే మిగులుతాయి.

అందుకే మేతను బాగా కడిగిన ఎరువు సంచుల్లో పోసి, అడుగున చిల్లులు పెట్టి, కర్రలకు వేర్వేరు లోతుల్లో కట్టండి. రోజూ ఒకే వేళకు. రెండు గంటలయ్యాక సంచి ఎత్తి చూడండి, మిగిలితే మర్నాడు తగ్గించండి. మబ్బు పట్టిన రోజు నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, నేనైతే ఆ పూట మేతే వేయను.

కొర్రమేను జోలికి మాత్రం పోకండి. అది మాంసాహారి, మా బొచ్చె పిల్లల్ని బాగానే మింగింది.