లండన్‌కు కొత్తగా వచ్చినవారికి: ఫోన్ మ్యాపు చెప్పే బస్సు, రైలు దారిని చదవడం ఎలా

లండన్‌లో దిగిన విద్యార్థికి గానీ, ఉద్యోగం మీద వచ్చినవారికి గానీ మొదటి వారాల్లో అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చేది ఫోన్‌లోని మ్యాపే. గూగుల్ మ్యాప్స్, యాపిల్ మ్యాప్స్, సిటీమ్యాపర్, నగర రవాణా సంస్థ అయిన టీఎఫ్ఎల్ వారి సొంత యాప్ టీఎఫ్ఎల్ గో, వీటిలో ఏది తెరిచినా ఏ బస్సు ఎక్కాలో, ఏ స్టేషన్‌లో రైలు మారాలో క్షణంలో చెప్పేస్తుంది. అయితే అది పైన చూపించేది సాధారణంగా త్వరగా చేర్చే దారి. మీ దగ్గర రెండు పెద్ద సూట్‌కేసులు ఉన్నాయనీ, నెలాఖరు దాకా డబ్బులు చూసుకుని ఖర్చుపెట్టాలనీ దానికి తెలియదు. ఈ సూచనలను తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను, ఎందుకంటే మన విద్యార్థుల్లో చాలామంది మొదట గది వెతుక్కునేది అక్కడే. హౌన్స్‌లోలోనో, హారోలోనో ఉండబోయేవారికి స్టేషన్ల పేర్లు మారతాయి గానీ పద్ధతి మారదు.

మొదటి ప్రయాణమే మంచి ఉదాహరణ. హీత్రూ విమానాశ్రయంలో దిగి ఈస్ట్ హామ్‌కు దారి అడిగితే, యాప్ సాధారణంగా ఎలిజబెత్ లైన్ ఎక్కి వైట్‌చాపెల్‌లో దిగమనీ, అక్కడ డిస్ట్రిక్ట్ లైన్ గానీ, హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ గానీ పట్టుకోమనీ చెబుతుంది. 2022 మే నెలలో మొదలైన ఎలిజబెత్ లైన్ వేగమైనదే, సౌకర్యమైనదే. కానీ హీత్రూ నుంచి నగరం నడిబొడ్డు మీదుగా వెళ్లేవారికి దాని చార్జీ పికడిల్లీ లైన్ చార్జీకి రెట్టింపు పైమాటే. పాడింగ్టన్‌కు పావుగంటలో చేర్చే హీత్రూ ఎక్స్‌ప్రెస్ అంతకంటే ఖరీదు. కంపెనీ డబ్బులిస్తే తప్ప కొత్తవారు దాని జోలికి పోనవసరం లేదు. రెండో దారి, జాబితాలో కాస్త కిందికి ఉండేది, పికడిల్లీ లైన్ ఎక్కి హామర్‌స్మిత్‌లో దిగి, అక్కడ తూర్పు వైపు వెళ్లే డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కడం. పావుగంటో ఇరవై నిమిషాలో ఎక్కువ పట్టవచ్చు. అయితే హామర్‌స్మిత్‌లో మీరు దిగిన ప్లాట్‌ఫారానికే రెండో వైపున డిస్ట్రిక్ట్ రైలు ఆగుతుంది. మెట్లు లేవు, పొడవాటి సొరంగపు నడవాలు లేవు. సూట్‌కేసులను నాలుగడుగులు అటు దొర్లిస్తే సరిపోతుంది. సామానుతో మొదటిసారి వచ్చేవారికి ఇదే మేలని నా అభిప్రాయం. యాప్ ఈ దారిని చూపించకపోతే ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసి, ముందు హీత్రూ నుంచి హామర్‌స్మిత్‌కూ, తర్వాత అక్కడి నుంచి ఈస్ట్ హామ్‌కూ విడివిడిగా అడగండి.

డిస్ట్రిక్ట్ లైన్ దగ్గర మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఆకుపచ్చ రంగు గుర్తు చూసి, తూర్పు వైపు వెళ్లే రైలే కదా అని ఏది వస్తే అది ఎక్కేస్తే, కొన్ని రైళ్లు టవర్ హిల్ దగ్గరే ఆగిపోతాయి. ఈస్ట్ హామ్‌కు వెళ్లాలంటే రైలు ముందు భాగం మీదా, ప్లాట్‌ఫారం బోర్డు మీదా బార్కింగ్ అనో, అప్‌మిన్‌స్టర్ అనో ఉండాలి. యాప్ లైను పేరును పెద్ద అక్షరాలతో, చివరి స్టేషన్ పేరును దాని కింద చిన్న అక్షరాలతో చూపిస్తుంది. కొత్తవారి చూపు పెద్ద అక్షరాల దగ్గరే ఆగిపోతుంది, చదవాల్సిందేమో చిన్న అక్షరాలను. నార్తర్న్ లైన్‌లో చివరి స్టేషన్ పేరు ఒక్కటే కూడా చాలదు, ఎందుకంటే నగరం మధ్యలో అది రెండుగా చీలి, కొన్ని రైళ్లు బ్యాంక్ మీదుగా, కొన్ని చేరింగ్ క్రాస్ మీదుగా వెళతాయి. మోర్డెన్ వెళ్లే రైలు ఎక్కమని యాప్ చెప్పినప్పుడు ఆ వరుసలోనే ఏ స్టేషన్ మీదుగా అని కూడా ఉంటుంది. ఆ ఒక్క మాటను ప్లాట్‌ఫారం బోర్డుతో సరిపోల్చుకుని ఎక్కండి.

చిరునామా విషయంలో మన అలవాటును ఇక్కడ పూర్తిగా మార్చుకోవాలి. మన ఊళ్లలో ఫలానా గుడి ఎదురుగా, ఫలానా హోటల్ పక్క సందు అని చెప్పుకుంటాం. లండన్‌లో వీధి పేరు చెప్పినా తేలదు, ఎందుకంటే హై స్ట్రీట్, స్టేషన్ రోడ్, చర్చ్ రోడ్ లాంటి పేర్లు నగరమంతటా మళ్లీ మళ్లీ కనబడతాయి. అందుకే యాప్‌లో వీధి పేరు బదులు పూర్తి పోస్ట్‌కోడ్ టైపు చేయండి. ఇక్కడ ఒక పోస్ట్‌కోడ్ సాధారణంగా కొన్ని ఇళ్లకే పరిమితం కాబట్టి అది మిమ్మల్ని దాదాపు గుమ్మం దాకా తీసుకెళుతుంది. వీధుల పేర్ల పలకల మీద కూడా పోస్ట్‌కోడ్ మొదటి భాగం ఉండటం మామూలు. ఈస్ట్ హామ్‌లోనైతే అది ఈ6. స్టేషన్ల పేర్లలోనూ ఇలాంటి తికమక ఉంది. ఎడ్జ్‌వేర్ వేరు, ఎడ్జ్‌వేర్ రోడ్ వేరు. పైగా ఎడ్జ్‌వేర్ రోడ్ పేరుతో విడివిడిగా రెండు స్టేషన్లున్నాయి. ఈస్ట్ హామ్, వెస్ట్ హామ్ ఒకే లైను మీదే ఉన్నాయి కాబట్టి కనీసం అక్కడ పొరపాటు పడ్డా దిద్దుకోవడం తేలిక.

బస్సుల విషయంలో మనకొక వెసులుబాటు ఉంది. ఇక్కడ కూడా వాహనాలు ఎడమవైపే నడుస్తాయి కాబట్టి, మీరు వెళ్లే దిక్కుకు ఎడమవైపున్న స్టాపులో నిలబడాలన్న హైదరాబాదు, విజయవాడ లెక్క ఇక్కడా చెల్లుతుంది. అయితే స్టేషన్ల దగ్గర ఒకే పేరుతో నాలుగైదు స్టాపులుంటాయి, ఒక్కోదాని దగ్గర ఆగే బస్సులు వేరు. వాటిని గుర్తుపట్టడానికి స్తంభం పైభాగంలో ఎర్రటి గుర్తుతో పాటు ఒక ఇంగ్లిషు అక్షరం రాసి ఉంటుంది. యాప్ బస్సు నంబరుతో పాటు ఈ స్టాపు అక్షరాన్ని కూడా చెబుతుంది. రోడ్డు దాటక ముందే యాప్‌లోని అక్షరం, స్తంభం మీది అక్షరం ఒకటేనా అని చూసుకోవాలి, ఎందుకంటే అదే నంబరు బస్సు ఎదుటి స్టాపులో కూడా ఆగుతుంది, కాకపోతే వెనక్కి పోతుంది. బస్సు వస్తుంటే చేయెత్తి చూపండి, ముందు తలుపు దగ్గర ఎక్కండి, దిగాల్సిన స్టాపుకు ముందు గంట బటన్ నొక్కండి. కండక్టర్ ఉండడు. 2014 జూలై నుంచి లండన్ బస్సుల్లో నగదు తీసుకోవడం లేదు కాబట్టి జేబులో చిల్లర ఎంత ఉన్నా పనికిరాదు.

ఇక డబ్బుల సంగతి. ముందుగా డబ్బు వేసుకుని వాడే టీఎఫ్ఎల్ ప్రయాణ కార్డు అయిన ఆయిస్టర్ గానీ, తాకిస్తే పనిచేసే బ్యాంకు కార్డు గానీ, ఫోన్ గానీ వాడవచ్చు. ఇండియా బ్యాంకు కార్డు పనిచేసినా విదేశీ లావాదేవీ రుసుము పడే అవకాశం ఉంది కాబట్టి, ఇక్కడి ఖాతా తెరిచేదాకా ఆయిస్టరే నయం. బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారి తాకిస్తే చాలు, గంట లోపల ఇంకో బస్సు ఎక్కినా మళ్లీ చార్జీ పడదు. ట్యూబ్‌లో, అంటే పికడిల్లీ, డిస్ట్రిక్ట్ లాంటి లైన్లున్న మెట్రో రైళ్లలో మాత్రం, మన మెట్రోలో లాగానే, లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ తాకించాలి. అసలు చిక్కు గేట్లు లేని స్టేషన్లలో వస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ ఈస్ట్ లండన్ డాక్‌లాండ్స్ ప్రాంగణానికి ఆనుకుని ఉన్న డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే అనే తేలికపాటి రైలు) స్టేషన్ పేరు సైప్రస్. డీఎల్ఆర్‌లో చాలా స్టేషన్లకు గేట్లుండవు. ఎవరూ ఆపరు గనుక తాకించకుండానే నడిచిపోవచ్చు. అలా పోతే గరిష్ఠ చార్జీ కోసేస్తారు. యాప్ దిగమని చెబుతుందే గానీ తాకించమని గుర్తుచేయదు.

ఒక రోజుకూ, సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్కించే ఒక వారానికీ చార్జీకి పరిమితి ఉంది. అది దాటాక ఎన్నిసార్లు తిరిగినా అదనంగా పడదు. కానీ ఆ లెక్క కలవాలంటే ప్రతిసారీ ఒకే కార్డు లేదా ఒకే పరికరం వాడాలి. అదే బ్యాంకు కార్డును ఒకసారి ఫోన్‌తో, ఇంకోసారి నేరుగా తాకిస్తే రెండూ వేర్వేరు కార్డులుగానే లెక్కకొస్తాయి. స్ట్రాట్‌ఫర్డ్ లాంటి కొన్ని స్టేషన్లలో గులాబీ రంగు యంత్రాలు కనిపిస్తాయి. నగర మధ్యభాగమైన ఒకటో జోన్‌లోకి పోకుండా చుట్టూ తిరిగి వెళ్లేవారు రైలు మారేటప్పుడు వాటికి కార్డు తాకిస్తే తక్కువ చార్జీ పడుతుంది. ఇది యాప్ చూపే దారిలో ఉండకపోవచ్చు. అలాగే 18 ఏళ్లు దాటిన విద్యార్థులకు, వారి కళాశాల టీఎఫ్ఎల్ తగ్గింపు పథకంలో ఉంటే, ట్రావెల్‌కార్డుల (వారానికో, నెలకో తీసుకునే ప్రయాణ పాసుల) మీదా బస్సు పాసుల మీదా 30 శాతం తగ్గింపు ఇచ్చే ఆయిస్టర్ దొరుకుతుంది. యాప్ చూపే చార్జీలో ఆ తగ్గింపు కలిసి ఉండదు.

బస్సు మూడు నిమిషాల్లో వస్తుందని యాప్ చెప్పినప్పుడు, అది బస్సు ఎక్కడుందో తెలిసి చెబుతున్నదా, టైంటేబుల్ చూసి చెబుతున్నదా అన్నది గమనించాలి. గూగుల్ మ్యాప్స్‌లో నిజ సమయమైతే పక్కన చిన్న తరంగాల గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు లేకపోతే అది కాగితం మీది సమయమే. శని, ఆదివారాల్లో మరమ్మతుల కోసం కొన్ని లైన్లను మూసివేయడం లండన్‌లో మామూలు. ఆదివారం పార్ట్‌టైం ఉద్యోగానికి వెళ్లేవారు ముందురోజు రాత్రే, ‘చేరాల్సిన సమయం’ ఎంచుకుని, టీఎఫ్ఎల్ గోలో ఆ లైను స్థితిని కూడా చూసుకోవాలి. డిసెంబరు 25న ట్యూబ్ గానీ, బస్సులు గానీ నడవవు. పండుగ రోజు డ్యూటీ ఒప్పుకునేముందు ఇది గుర్తుంచుకోండి.

మ్యాపులో మీరున్న చోటును చూపే నీలం చుక్క నేల కింద పనిచేయదు. సొరంగాల్లోకి మొబైల్ నెట్‌వర్క్ వస్తున్నా, ఇంకా అన్నిచోట్లా లేదు; డౌన్‌లోడ్ చేసుకున్న గూగుల్ మ్యాపు కూడా నెట్ లేకుండా బస్సు, రైలు దారి చెప్పదు. అందుకే మెట్లు దిగే ముందే దారిని స్క్రీన్‌షాట్ తీసుకోవడం మంచిది. బ్యాంక్, గ్రీన్ పార్క్, కింగ్స్ క్రాస్ లాంటి స్టేషన్లలో రైలు మారడమంటే చాలా దూరం నడవడమే, కాబట్టి యాప్ చెప్పిన దానికి అయిదు నిమిషాలు కలుపుకోండి. ఇంటి నుంచి అమ్మానాన్నలు చూడడానికి వచ్చినప్పుడు, పసిబిడ్డ బండి ఉన్నప్పుడు, యాప్‌లో చక్రాల కుర్చీకి అనువైన దారి అడిగితే లిఫ్టులున్న స్టేషన్ల మీదుగా తీసుకెళుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది ఎంత మేలో చెప్పనక్కర్లేదు. బయటికి వచ్చాక దారి చూసుకోవడానికి రోడ్డు అంచున నిలబడకండి. ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద వచ్చి చేతిలోని ఫోన్ లాక్కుపోయేవాళ్లు ఈ నగరంలో ఉన్నారు. ఏదైనా దుకాణం గోడ పక్కకు జరిగి చూసుకోండి.

రాత్రి డ్యూటీ చేసేవారికి ఒక ముఖ్య సంగతి. శుక్ర, శనివారాల్లో రాత్రంతా నడిచే ట్యూబ్ అయిదు లైన్లకే పరిమితం, వాటిలో డిస్ట్రిక్ట్ లైన్ లేదు. ఆఖరి రైలు తప్పితే సెంట్రల్ లైన్‌లో స్ట్రాట్‌ఫర్డ్ దాకా వచ్చి అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి. మిగతా రోజుల్లో రాత్రి నడిచే బస్సులే దిక్కు, వాటిలో చాలావాటి నంబరు ఎన్ అక్షరంతో మొదలవుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో సమయం ఎంచుకునే చోట ఆఖరి ప్రయాణం చూపే వీలుంది, డ్యూటీ మొదలయ్యేముందే అది చూసి పెట్టుకోండి. ఫోన్‌నే టికెట్‌గా వాడేవారు చార్జింగ్ కూడా చూసుకోవాలి. మధ్యలో ఫోన్ ఆగిపోతే బయటికి వచ్చేటప్పుడు తాకించలేరు. అలాంటప్పుడు వేరే కార్డు తాకిస్తే రెండిటి మీదా అసంపూర్ణ ప్రయాణంగా గరిష్ఠ చార్జీ పడుతుంది. గేటు దగ్గరున్న సిబ్బందికి విషయం చెప్పి బయటికి వచ్చి, ఆ తర్వాత టీఎఫ్ఎల్ వెబ్‌సైట్‌లో మీ ప్రయాణాల పట్టిక తెరిచి, ఎక్కువ కోసిన మొత్తాన్ని వెనక్కి అడగవచ్చు.