అల్లుడికి ఐటీఐ సీటొచ్చింది: ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరేవాళ్లకు నాలుగు మాటలు

మా అక్క కొడుక్కి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటొచ్చింది. చేరి మూడు వారాలైందో లేదో ఫోన్. "మామా, కరెంటు పని నేర్పుతరనుకుంటే పొద్దంతా ఫైలు పట్టిచ్చి ఇనుపముక్క రుద్దిపిస్తున్నరు" అని ఒకటే గొణుగుడు. నేను చదివినప్పుడూ ఇదే గొణిగాను. వాడికి చెప్పినవీ, ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చినవీ కలిపి రాస్తున్నాను.

అల్లుడూ, ముందు ఆ ఫైలు, అదే ఆకురాయితో రుద్దే ఇనుపముక్క సంగతి. ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకు పెట్టి చూడు, సందులోంచి వెలుగు కనిపించకూడదు. అంతవరకు రుద్దు. రేపు ప్యానెల్ రేకులో మీటరుకు కోత పెట్టేది ఆ చెయ్యే. బస్‌బార్ (ప్యానెల్లో కరెంటు పంచే లోహపు పట్టీ) నట్టు కింద సమంగా కూర్చోకపోతే అక్కడే వేడెక్కి నల్లబడుతుంది. కాబట్టి విసుక్కోకు.

కోర్సు రెండేళ్లు. హాజరు 80 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ప్రాక్టికల్ పాసవ్వాలంటే 60 శాతం కావాలి, థియరీకి 33 చాలు. ఈ 33ను చూసే మా బ్యాచ్ అంతా థియరీని గాలికొదిలేసింది. సీనియర్ల రికార్డు ముందేసుకొని దించేవాళ్లం. వాళ్లు గీసిన తప్పులు కూడా దించాం.

దాని ఫలితం అప్రెంటిస్‌గా చేరిన రెండో నెలలో చూశాను. ఒక ఫ్యాక్టరీ షెడ్డులో ట్యూబులైటు మార్చమన్నారు. ఆ లైటు స్విచ్ ఆపి నిచ్చెనెక్కాను. జంక్షన్ బాక్సులో న్యూట్రల్ జాయింటు, అంటే కరెంటు తిరిగెళ్లే నల్ల వైర్ల ముడి, వదులుగా కనిపించింది. నల్ల వైరే కదా, ఏం చేస్తుందిలే అని విప్పేశాను. చెయ్యి జివ్వున లాగింది. అప్పటికి రెండో మెట్టు మీదే ఉన్నాను కాబట్టి మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. కింద నిలబడ్డ పెద్దాయన తిట్టలేదు, ఒక్కటే అడిగాడు: "నువ్వు ఆపింది ఒక్క లైటే గదరా, మిగతా మూడు ట్యూబులకు న్యూట్రల్ యాడికెళ్లి పోతున్నది?" అదే జాయింటులోంచి! నేను విప్పగానే ఆ ట్యూబులకు కరెంటు తెచ్చే ఫేజ్, ట్యూబుల్లోంచే దిగి నల్ల వైరు కొసకొచ్చి కూర్చుంది. ఆ సర్క్యూట్ బొమ్మను నా రికార్డులో నేనే గీశాను. గీశాను గానీ చదవలేదు.

అందుకని పని మొదలుపెట్టే ముందు స్విచ్ కాదు, ఆ లైనంతటికీ కరెంటు ఆపే ఎంసీబీ దించు. ఫ్యూజు ఉంటే పీకి నీ జేబులో వేసుకో, వేరేవాడొచ్చి పెట్టకుండా. వైరును ముట్టుకోబోయే ముందు టెస్టర్‌ను కరెంటున్న సాకెట్‌లో పెట్టి వెలుగుతోందా చూడు. తర్వాత నువ్వు పనిచేసే చోట ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ చూడు. మళ్లీ సాకెట్ దగ్గరికెళ్లి టెస్టర్ బాగానే ఉందో లేదో చూసుకో. మధ్యలో టెస్టర్ పాడైతే అది వెలగదు, నువ్వేమో కరెంటు లేదనుకుంటావు.

ఇన్‌స్ట్రక్టర్ మెట్ల వైరింగ్ (కిందా పైనా ఏ స్విచ్ నొక్కినా ఒకే బల్బు వెలిగేది, ఆరేది) చేయించినప్పుడు దాన్ని తలకెక్కించుకో. టూవే స్విచ్‌లు రెండు. ఒకదాని నడిమి పిన్నుకు ఫేజ్, రెండోదాని నడిమి పిన్ను నుంచి బల్బుకు వైరు. పక్క పిన్నులు రెండింటినీ అవతలి స్విచ్ పక్క పిన్నులకు కలపాలి. న్యూట్రల్ నేరుగా బల్బుకు. అందరూ చేసే తప్పు ఒకటుంది: ఫేజ్‌ను నడిమి పిన్నుకు కాక పక్క పిన్నుకు ఇస్తారు. బల్బు వెలుగుతుంది, మార్కులూ పడతాయి. కానీ కింద స్విచ్ ఒక వైపుంటే పైన ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఇల్లుగలాయన రాత్రి చీకట్లో మెట్లు దిగుతూ మనల్ని తలుచుకుంటాడు.

చేసిన వైరింగ్‌కు నేరుగా కరెంటు ఇవ్వకు. ఫేజ్‌లో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఒకటి సీరీస్‌లో, అంటే కరెంటు దాన్ని దాటే వైరింగ్‌కు వెళ్లేలా, పెట్టి ఇవ్వు. అది నిండుగా వెలిగితే ఎక్కడో షార్టుంది. బోర్డు మీదున్నదీ ఫిలమెంట్ బల్బే అయితే, వైరింగ్ సరిగ్గా ఉంటే రెండూ మసకగా వెలుగుతాయి. ఏదీ వెలగకపోతే వైరు తెగిందో, కలపడం మరిచావో. ఎల్ఈడీ బల్బుతో ఈ తేడా సరిగ్గా తెలియదు, అందుకే ఒక పాత బల్బు దాచుకో.

రికార్డు రంగుల్లో రాయి. మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ. ప్రతి బొమ్మ కింద నువ్వు చేసిన తప్పేంటో ఒక్క లైను రాసుకో. లైట్లకు 1.5, పవర్ సాకెట్లకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు అని అందరూ చెప్తారు. ఎందుకో లెక్క కట్టి చూసుకో. వర్క్‌షాప్ క్యాల్క్యులేషన్ క్లాసు ఉన్నది దానికే.

రెండో ఏడాది చివర్లోనే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో పేరు నమోదు చేసుకో. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒక్కలా ఉందా ముందే చూసుకో. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక ఉండి మా దోస్తు ఒకడు నెలలు తిరిగాడు. 2019లో సవరించిన నిబంధనల్లో ఐటీఐ పాసైనవాళ్లకు నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ పెట్టారు. దక్షిణ మధ్య రైల్వే యాక్ట్ అప్రెంటిస్‌లను (అప్రెంటిస్ చట్టం కింద తీసుకునేవాళ్లను) రాత పరీక్ష లేకుండా పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటు చూసి తీసుకుంటుంది. అంటే ఆ 33తో సరిపెట్టుకున్నవాడు అక్కడ లైనులో చివర నిలబడతాడు. సింగరేణిలో, బీహెచ్ఈఎల్‌లో కూడా తీసుకుంటారు, నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచు. అప్రెంటిస్ పూర్తయితే అదే కంపెనీ ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. మాట ముందే చెప్తున్నా, తర్వాత నన్నడగొద్దు.

ఇక ఆ చేతికున్న రాగి కడియం. వర్క్‌షాప్‌లోకి పోయే ముందు తీసి ఇంట్లో పెట్టు. మొక్కు ఉందని మీ అమ్మ ఒప్పుకోదు, తెలుసు. అక్కతో నేను మాట్లాడతాలే.