రన్నింగ్, సైక్లింగ్ క్లబ్బులో చేరడం ఎలా? ఆఖర్న వచ్చేవాళ్లను చూసి తేల్చుకోండి

తెల్లవారుజామున ఒంటరిగా పరుగెత్తడానికి లేవాలంటే, అలారం ఆపి మళ్లీ ముసుగు తన్నడమే సుఖంగా అనిపిస్తుంది. అదే నలుగురు మన కోసం చీకట్లో నిలబడి ఉన్నారని తెలిస్తే పడుకోలేం. క్లబ్బు వల్ల మొదటి లాభం ఇదే. అయితే కొత్తవాళ్లకు ఒక టెన్షన్ ఉంటుంది: ‘వాళ్లంతా ఏళ్లుగా చేస్తున్నవాళ్లు, నా వల్ల వాళ్లు ఆగాల్సి వస్తుందేమో’ అని. ఆ మొహమాటంతోనే చాలామంది గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతారు.

1. మీ వేగమెంతో నిజాయితీగా తెలుసుకోండి

పరుగువాళ్లు ‘పేస్’ అంటే ఒక కిలోమీటరుకు పట్టే నిమిషాలు. 5 కిలోమీటర్లకు మీకు 40 నిమిషాలు పడితే మీ పేస్ 8. సైకిలువాళ్లు గంటకు సగటున ఎన్ని కిలోమీటర్లు తొక్కుతారో చెబుతారు. ఏదో ఒక రోజు ఊపులో సాధించిన రికార్డు ఇక్కడ పనికిరాదు. పక్కవాళ్లతో పూర్తి వాక్యాల్లో మాట్లాడుతూ సాగించగలిగే వేగమే మీ లెక్క.

నేను మొదటిరోజు తప్పు చేసింది ఇక్కడే. ఏ గ్రూపులో వస్తారని అడిగితే పరువుకు పోయి 6 నిమిషాల గ్రూపు అన్నాను. మూడో కిలోమీటరుకు నోట మాట రాలేదు. నడుచుకుంటూ తిరిగొచ్చేసరికి నిదానం గ్రూపువాళ్లు స్ట్రెచింగ్ కూడా ముగించి కబుర్లలో ఉన్నారు.

గుండె జబ్బు ఉన్నా, శ్రమ చేస్తే ఛాతీలో నొప్పి వస్తున్నా, ముందు డాక్టరును కలిశాకే క్లబ్బు మాట.

2. ఎలాంటి క్లబ్బో కనుక్కోండి

కొన్ని చోట్ల ఫీజు తీసుకుని కోచ్ నడిపిస్తారు. మరికొన్ని సభ్యులే నడుపుకునేవి. రూటు ఒకరు చూస్తారు, నీళ్లు ఒకరు తెస్తారు, లెక్కలు ఇంకొకరు రాస్తారు. నా ఓటు రెండో రకానికే. క్రమశిక్షణ కాస్త తక్కువ ఉండొచ్చు గానీ మనుషులు త్వరగా దగ్గరవుతారు.

చిన్న గుంపు అని తీసిపారేయకండి. ఇప్పుడు ఎన్నో దేశాల్లో జరిగే పార్క్‌రన్ 2004లో లండన్‌లోని ఒక పార్కులో 13 మంది పరుగుతో మొదలైంది. 5 కిలోమీటర్లు, ఫీజు లేదు, నడిపేది వాలంటీర్లు. ఈత, సైకిల్, పరుగు మూడూ వరుసగా చేసే పోటీ ఐరన్‌మ్యాన్. హవాయిలో 1978లో జరిగిన మొదటిదాంట్లో బయల్దేరింది 15 మంది, పూర్తి చేసింది 12 మంది.

దూరాల మీద మోజుంటే సైకిల్ ‘బ్రెవే’లు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు రైడ్లు, చేసే గుంపును వెతకండి. 200 కిలోమీటర్ల బ్రెవే అయితే పదమూడున్నర గంటల్లోపు పూర్తి చేయాలి. ర్యాంకులు ఉండవు. దారిలో పంక్చరైతే మీరే వేసుకోవాలి. కాబట్టి ఆ విద్య కూడా వాళ్ల దగ్గరే అబ్బుతుంది.

3. వెళ్లేముందు ఒక మెసేజ్ పెట్టండి

ఇంత చాలు: “నమస్తే అండి. నేను కొత్త. 5 కిలోమీటర్లు 40 నిమిషాల్లో పరుగెత్తగలను. ఈ ఆదివారం మీతో రావచ్చా? ఎంత దూరం, ఏ పేస్? వెనకబడితే తోడుగా ఎవరైనా ఉంటారా?”

ఆ చివరి ప్రశ్న మాత్రం వదలొద్దు. మంచి గుంపుల్లో అందరికన్నా వెనక ఒకరు వస్తారు. వాళ్లను ‘స్వీప్’ అంటారు. ఎవరినీ దారిలో వదిలేయని రైడ్‌ను ‘నో డ్రాప్’ అంటారు. “మా స్పీడు అందుకోగలిగితే రండి” అని జవాబొస్తే అదీ మంచిదే. దాపరికం లేకుండా చెప్పారు, మీరు ఇంకో గుంపును చూసుకోవచ్చు.

4. మొదటిరోజు

పావుగంట ముందే చేరి, లీడర్‌కు పేరు చెప్పి, కొత్తవాళ్లమని చెప్పండి. ఆస్తమా, షుగర్ లాంటివి ఉంటే దాచకండి. ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ లాక్‌లో ఉంటే ఆ నంబరు దొరకడం కష్టం.

పరుగుకు పాత, అలవాటైన బూట్లే వేసుకోండి. కొత్తవాటితో పొక్కులు ఖాయం. సైకిలుకు హెల్మెట్, స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే లివర్లు, పంపు, ముందూ వెనకా లైట్లు ఉండాలి. బయల్దేరేముందు బ్రేకులు నొక్కి చూసుకోండి. కొండదారి అయితే నీళ్లు, హెడ్‌ల్యాంప్ మర్చిపోవద్దు. దాహాన్ని బట్టి తాగండి. గంటల తరబడి చెమటోడుస్తూ ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రమాదం.

5. దారిలో మర్యాదలు

సైకిల్ గుంపులో ముందువాళ్లు గాలిని చీలుస్తారు కాబట్టి వెనకున్నవాళ్లకు శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే దగ్గర దగ్గరగా తొక్కుతారు. కానీ కొత్తవాళ్లకు అంత దగ్గర వద్దు, ఒక సైకిలు పొడవు ఎడం ఉంచండి. మీ ముందు చక్రం ముందువాళ్ల వెనక చక్రం పక్కకు చొరబడకూడదు. వాళ్లు కాస్త పక్కకు జరిగితే పడేది మీరే. హఠాత్తుగా బ్రేకు వేయొద్దు. ‘గుంత’, ‘కారు’ అని ముందు నుంచి కేక వినిపిస్తే మీరూ వెనక్కి అందించండి.

పరుగులో ఇంత తంటా లేదు. రోడ్డు మొత్తం ఆక్రమించకుండా, చెవుల్లో పాటలు పెట్టుకోకుండా ఉంటే చాలు. ఎక్కడైనా మధ్యలో వెళ్లిపోవాలనుకుంటే ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లండి. మీరు చెప్పకుండా ఇంటికెళ్లి టిఫిన్ చేస్తుంటే, మీ కోసం వాళ్లు ఎండలో వెతుకుతుంటారు!

6. మూడు నాలుగు వారాలు చూశాకే సభ్యత్వం

ఆఖర్న వచ్చేవాళ్లు చేరేదాకా ఎవరైనా ఆగుతున్నారా? వాళ్లు వచ్చేసరికి నీళ్లు మిగిలి ఉంటున్నాయా? ఆడవాళ్లు లీడర్లుగా, పేసర్లుగా (ఒకే వేగంతో ముందుండి గ్రూపును నడిపించేవాళ్లుగా) ఉన్నారా? వెలుతురు లేని దారిలో ఎవరినైనా ఒంటరిగా వదిలేస్తున్నారా? పోయినసారి పరుగు గెలిచినవాళ్ల ఫొటోల కన్నా ఈ జవాబులే ఆ క్లబ్బు సంగతి చెబుతాయి.

ఫారం చదవకుండా సంతకం పెట్టకండి. చాలావాటిలో ‘ప్రమాదం జరిగితే బాధ్యత నాదే’ అని ఉంటుంది. ఇన్సూరెన్స్ ఉందో లేదో, డబ్బు లెక్కలు సభ్యులకు చూపిస్తారో లేదో అడగండి. అడిగినందుకు విసుక్కుంటే అదే మీకు జవాబు.

7. ఒక పని మీద వేసుకోండి

చేరిన రెండు నెలల్లోపే ఒక ఆదివారం పరుగు మానుకుని నీళ్ల టేబుల్ దగ్గర నిలబడండి, లేదా టైము రాయండి. అప్పటిదాకా మీరు ‘ఆ కొత్తాయన’, ‘ఆ కొత్తావిడ’. ఆ రోజు నుంచి పేరుతో పిలుస్తారు.

దారి బాగా తెలిశాక స్వీప్‌గా వెళ్తానని అడగండి. వెనకబడినవాళ్లను తొందరపెట్టొద్దు, ‘ఇంకాస్తే’ అని అబద్ధం చెప్పొద్దు. ఎంత మిగిలిందో ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు నడుస్తానంటే మీరూ నడవండి. ఫోన్ ఫుల్ ఛార్జ్‌తో, లీడర్ నంబరుతో ఉండాలి. మీరూ వాళ్లూ మధ్యలో వెనక్కి తిరిగేట్టయితే ముందు ఆ నంబరుకు ఫోన్ చేయండి.