కొట్టు పాఠాలు – 4: ధర తగ్గించకండి, కొసరు వేయండి

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. వారం పాటు మీరు కొన్న ప్రతి వస్తువు పక్కనా, ఆ కొట్టుకే ఎందుకు వెళ్లారో ఒక్క ముక్కలో రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. "దగ్గర", "అలవాటు", "అప్పిస్తాడు" లాంటివి చాలానే ఉంటాయి. వాటి మధ్య "మనిషి మంచివాడు", "చెయ్యి పెద్దది" అని రాసినవేమైనా ఉన్నాయేమో చూడండి. ఈ పాఠం ఆ పెద్ద చెయ్యి గురించే.

మూర మల్లెపూలు కొన్నప్పుడు గమనించండి. పూలమ్మే ఆమె దండను మోచేతి నుంచి వేలి కొస దాకా పట్టి కొలుస్తుంది. సరిగ్గా అక్కడే తెంపదు. ఇంకో నాలుగు వేళ్ల మేర జరిపి తెంపుతుంది. పాలు పోసే ఆయన లీటరు నిండుగా కొలిచి మన గిన్నెలో పోశాక, మళ్లీ క్యాన్‌లో ముంచి ఇంకాస్త వంపుతాడు. పానీపూరీ బండి దగ్గర ప్లేటు పూర్తయ్యాక నీళ్లు లేని పూరీ ఒకటి, లోపల కాస్త మసాలా పెట్టి చేతికిస్తాడు. అది ఇవ్వడం మర్చిపోతే అడిగి మరీ పుచ్చుకునేవాళ్లు ఏ ఊళ్లోనైనా కనబడతారు. ముప్పై రూపాయల ప్లేటు తినేసి, ఆ ఒక్క పూరీ కోసం నిలబడతారు.

ముగ్గురూ చేసే పని ఒకటే. చెప్పిన కొలత ముందు పూర్తి చేస్తారు. ఆ తర్వాత మన కళ్లముందే, తమ దగ్గరున్న సరుకులోంచే ఇంకాస్త ఇస్తారు. ఆ ఇంకాస్తే కొసరు. ధర జోలికి మాత్రం పోరు.

చిన్న వ్యాపారం పెట్టినవాళ్లలో ఎక్కువమంది దీనికి ఎదురు దారిలో వెళ్తారు. గిరాకీ కాస్త తగ్గగానే ధర తగ్గిస్తారు. అది ఎంత నష్టమో లెక్క వేసి చూద్దాం. పెన్ను తీసుకోండి, ఈ లెక్క మీ సరుకుతో మీరూ వేసుకోవాలి.

ఇంట్లో సున్నుండలు చేసి అమ్ముతున్నారనుకుందాం. కిలో 600 రూపాయలు. మినుములు, బెల్లం, నెయ్యి, గ్యాసు, డబ్బా, మీ కూలి అన్నీ కలిపి కిలోకి 450 పడుతుంది. మిగిలేది 150. నెలకు 20 కిలోలు పోతే చేతికి 3,000 వస్తుంది. సంక్రాంతికి పది శాతం తగ్గింపు అని వాట్సాప్ స్టేటస్ పెట్టారు. కిలో 540 అయింది. ఖర్చు అదే 450. మిగిలేది 90. మునుపటి 3,000 కళ్లజూడాలంటే ఇప్పుడు 33 కిలోల పైన అమ్మాలి. పదమూడు కిలోల ఉండలు అదనంగా చుట్టాలి, ఒక్క రూపాయి ఎక్కువ రాకుండా.

ఇప్పుడు ధర 600 గానే ఉంచండి. కిలో తూచి డబ్బాలో సర్దాక, ఇంకో 50 గ్రాములు, అంటే ఒకటో రెండో ఉండలు, పైన పెట్టండి. మీకయ్యే ఖర్చు 22 రూపాయల 50 పైసలు. కిలోకి 127 రూపాయల 50 పైసలు మిగులుతుంది. 24 కిలోలు అమ్మితే 3,000 దాటుతుంది. అయిదు శాతం కొసరుని పది శాతం తగ్గింపుతో పోల్చడం అన్యాయం అనిపిస్తే, కొసరు కూడా పది శాతమే వేసి చూడండి. 100 గ్రాములకు 45 ఖర్చయి 105 మిగులుతుంది, అప్పటికీ 90 కంటే నయమే. తగ్గింపు ఇచ్చినప్పుడు అమ్మకం ధరలోంచి పోతుంది. సరుకు ఇచ్చినప్పుడు మీకు పడిన ఖర్చు మాత్రమే పోతుంది. తేడా అంతా అక్కడే ఉంది. లాభం శాతం ఎక్కువగా ఉన్న సరుకైతే ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

తగ్గింపుతో ఇంకో తలనొప్పి ఉంది. ఒకసారి 540కి కొన్నవాళ్లకి మీ సున్నుండల ధర 540 అనే గుర్తుండిపోతుంది. పండగ వెళ్లాక 600 అంటే "అదేంటి, అప్పుడే పెంచేశారా?" అంటారు. మీరు పెంచలేదు, పాత ధరకే వచ్చారు. ఎంత చెప్పినా ఎక్కదు. ఒక ఉండ ఎక్కువ పెట్టిన చోట ఈ గొడవ రాదు. పైగా ధర తగ్గించే పోటీలో పెద్ద సూపర్‌మార్కెట్లదే పైచేయి. వాళ్లు లారీల లెక్కన కొంటారు, కంపెనీలే వాళ్లకి డబ్బిచ్చి ఆఫర్లు పెట్టిస్తాయి. ఆ బరిలోకి దిగొద్దని గట్టిగా చెబుతున్నాను.

కొసరు ఎప్పుడు వేయాలి అనేది చాలామంది పట్టించుకోరు. కాటా మీద సరుకు ఎలా పెడుతున్నారో ఒకసారి మీ చేతినే చూసుకోండి. ఒక్కసారిగా ఎక్కువ పోసి, కిలో దాటిందని గుప్పెళ్లతో వెనక్కి తీస్తున్నారా? కాటా మీద తూకం సరిపోయేదే కావచ్చు, కొనేవాళ్లకి కనబడేది మాత్రం తీసే చెయ్యి. తక్కువ పోసి, కొంచెం కొంచెం వేస్తూ కిలో పడనివ్వండి. ఒక్క క్షణం ఆగండి, వాళ్లు అంకె చూస్తారు. అప్పుడు ఇంకో నాలుగు గింజలు వేయండి. రెండు పద్ధతుల్లోనూ సంచీలోకి వెళ్లే సరుకు ఇంచుమించు సమానమే. ముందు కొలత పూర్తి కావాలన్న మాట మాత్రం మరవకండి. తూకంలో 50 గ్రాములు కొట్టేసి పైన కరివేపాకు రెబ్బ వేసే కొట్లు ఉన్నాయి. ఇంటికెళ్లి తూచుకునేవాళ్లు ఉంటారు, వాళ్లు ఊరంతా చెబుతారు. తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు దాటని కాటా వాడండి, దాన్ని కొనేవాళ్ల వైపు తిప్పి పెట్టండి.

ఇక ఏది ఇవ్వాలి? మీకు చవకగా పడేది, తీసుకునేవాళ్లకి పనికొచ్చేది. పాత కిరాణా కొట్లలో సరుకులకి పంపిన పిల్లల చేతిలో చిన్న బెల్లం ముక్కో, గుప్పెడు పుట్నాలో పెట్టేవారు. సరుకుల చీటీ రాసింది అమ్మ, డబ్బిచ్చింది నాన్న, కానీ ఏ కొట్టుకెళ్లాలో తేల్చేది ఆ పిల్లాడే. వీధి చివర ఇంకో కొట్టున్నా కాళ్లు బెల్లం ముక్క వైపే నడుస్తాయి. కొట్టు ఆసామి డబ్బిచ్చేవాళ్లని వదిలి నడిచొచ్చేవాణ్ణి పట్టుకున్నాడు. మీ వ్యాపారంలో ఆ నడిచొచ్చే మనిషి ఎవరో ఆలోచించండి. బట్టల షాపులో ఆడవాళ్లు చీరలు చూస్తున్నంతసేపూ విసుగ్గా నిలబడే మొగుడికి ఒక కుర్చీ, ఒక టీ కూడా కొసరే. ఆయన "ఇక పదండి" అనకపోతే బేరం నిలుస్తుంది.

టిఫిన్ సెంటర్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే అక్కడ ఈ పాఠం రోజూ వందసార్లు జరుగుతుంది. ప్లేటు ఇడ్లీ తింటున్న మనిషికి మూడో ఇడ్లీ దగ్గర పల్లీ చట్నీ అయిపోతుంది. లేచి వెళ్లి ప్లేటు చాపి "కొంచెం చట్నీ అండీ" అంటాడు. అప్పుడు గరిటె పట్టుకున్న మనిషి మొహం ఎలా ఉందన్నదే ముఖ్యం. చట్నీ మీకు పడేది మహా అయితే రెండు మూడు రూపాయలు. మొహం చిట్లించి అరగరిటె వేస్తే, ఖర్చు సగం పెట్టీ పరువు మొత్తం పోగొట్టుకున్నట్టు. ఇచ్చేదెలాగూ ఇస్తున్నారు, అడక్కముందే ఇవ్వండి. పనివాడికి ఒక గిన్నె ఇచ్చి, సగం ప్లేటు దాటినవాళ్ల దగ్గరికెళ్లి "చట్నీ వేయమంటారా?" అని అడగమనండి. ఇంట్లో పెద్దవాళ్లు కొసరి కొసరి వడ్డించినప్పుడు కలిగే తృప్తి రోడ్డు పక్క బల్ల మీద దొరుకుతుంది. సగంమంది వద్దనే అంటారు. వద్దన్నవాళ్లు కూడా రేపు మళ్లీ వస్తారు.

"మాది సరుకు అమ్మే వ్యాపారం కాదు, పని చేసిపెట్టే వ్యాపారం" అంటారా? అయితే మీకింకా సులువు. జాకెట్టు కుట్టే దర్జీ లోపల కుట్టు కాస్త వదిలి కుడతాడు, తర్వాత వదులు చేసుకోవడానికి. చాలామంది కుడతారు, చెప్పరు. బట్టలిచ్చేటప్పుడు జాకెట్టు తిరగేసి, "అమ్మా, ఇక్కడ ముప్పావు అంగుళం వదిలానండి, బిగుతైతే తీసుకురండి, డబ్బులేమీ వద్దు" అని చూపిస్తే అది కొసరు. చెప్పకపోతే అది లోపలి కుట్టు మాత్రమే. బండి రిపేరుకిస్తే మెకానిక్ చైన్‌కి ఆయిల్ వేసి, గాలి చూసి ఇస్తాడు. ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పాలి. గొప్పలు పోనక్కర్లేదు, మీరు చేసిన పని వాళ్లకి కనబడాలి, అంతే.

పచ్చళ్లు, పొడులు కొరియర్‌లో విదేశాలకు పంపేవాళ్లకి ఒక మాట. అక్కడ కిలోల లెక్కన చార్జీ పడుతుంది కాబట్టి బరువైన కొసరు కొనేవాళ్లకే భారం. బరువు లేనిది ఇవ్వండి. గోంగూర పచ్చడి డబ్బాకి "నూనె పైకి తేలేలా ఉంచండి, తడి చెంచా పెట్టొద్దు" అని చేత్తో రాసిన చీటీ చాలు. డల్లాస్‌లో ఉన్న అమ్మాయికి అది వాళ్ల అమ్మ ఫోన్లో చెప్పే మాటలా ఉంటుంది.

కొసరుతో ఒక కంపెనీ ఎలా నిలదొక్కుకుందో చూద్దాం. తమిళనాడులోని కడలూరుకు చెందిన సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టారు. ఆ కంపెనీయే తర్వాత కెవిన్‌కేర్‌గా మారింది. షాంపూని చిన్న ప్యాకెట్లలో అమ్మడంలో ఆయన తండ్రి చిన్ని కృష్ణన్ అప్పటికే పేరున్న మనిషి. పెద్ద కంపెనీల ముందు కొత్త షాంపూని ఎవరు కొంటారు? రంగనాథన్ ఒక పథకం పెట్టారు. ఏ కంపెనీవైనా సరే, అయిదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితం. వేరే కంపెనీ షాంపూ వాడేవాళ్లే చిక్ రుచి చూశారు. కొన్నాళ్లకి షరతు మార్చారు. అయిదూ చిక్ ఖాళీ ప్యాకెట్లే అయ్యుండాలన్నారు.

ఇందులో మీరు పట్టుకోవాల్సింది ఆ రెండో అడుగు. మొదటి కొసరు కొత్తవాళ్లని రప్పించడానికి, రెండోది వచ్చినవాళ్లని నిలుపుకోవడానికి. సున్నుండల ఉదాహరణకే వస్తే, మొదటిసారి కొన్నవాళ్ల డబ్బాలో రెండు అరిసెలు పెట్టండి, మీ దగ్గర అవీ దొరుకుతాయని తెలుస్తుంది. ఖాళీ డబ్బా వెనక్కి తెచ్చినవాళ్లకి ఉండలు ఎక్కువ వేయండి. డబ్బా ఖర్చు మిగులుతుంది, మనిషీ మళ్లీ వస్తాడు.

జాగ్రత్తలు చెప్పాలి. రోజూ ఒకే కొసరు వేస్తే అది కొన్నాళ్లకి హక్కు అయిపోతుంది. కూరగాయలతో కొత్తిమీర, కరివేపాకు అలా అయినవే. 2024 మే నెలలో ఒక వినియోగదారు ఎక్స్‌లో ఒక ఫిర్యాదు రాశారు. సరుకులు ఇంటికి తెచ్చిచ్చే బ్లింకిట్ యాప్‌లో కూరగాయలు తెప్పిస్తే కొత్తిమీరకి విడిగా డబ్బులు పడ్డాయని, అది చూసి వాళ్లమ్మ గుండె ఆగినంత పనైందని అందులో ఉంది. సంస్థ అధిపతి అల్బిందర్ ధిండ్సా దానికి జవాబిచ్చి, కూరగాయల ఆర్డరుతో కొత్తిమీర ఉచితంగా పెట్టే ఏర్పాటు చేశారు. యాప్ నడిపే పెద్ద సంస్థ కూడా తోపుడు బండి పద్ధతికి రావాల్సి వచ్చింది. మీరైతే ఒకే వస్తువుకి కట్టుబడకండి. ఒకరోజు కరివేపాకు, ఒకరోజు రెండు నిమ్మకాయలు, ఇంకోరోజు అల్లం ముక్క. 2023 జులైలో టమాటా కిలో నూటయాభై దాటినప్పుడు టమాటా కొసరు వేయమని ఎవరూ అడగలేదు. చేతిలో ఏది చవకగా ఉంటే అది వేయండి.

పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిలో ఒకరికి వేసి ఒకరికి మానేయకండి. రెండోవాళ్ల దృష్టిలో మీరు కొసరు ఇవ్వనివారు కాదు, తనని తక్కువ చేసినవారు. పాత ఖాతాదారుకి ఎక్కువ ఇవ్వాలనుకుంటే ఆయన ఒక్కడే ఉన్నప్పుడు ఇవ్వండి.

చిల్లర లేదని చేతిలో పెట్టే చాక్లెట్ కొసరు కాదు. అది వాళ్ల డబ్బుతో వాళ్లకి అక్కర్లేనిది అంటగట్టడం. ఒక రూపాయి విలువే కదా అనుకుంటారు, కానీ అది జనానికి ఎంత గుచ్చుకుంటుందో మీ కాగితంలో మీరే రాసుకొని ఉంటారు. యూపీఐ వచ్చాక ఆ సాకు కూడా లేదు.

ఈ వారం పని: మీ సరుకుల్లో, పనుల్లో మీకు అయిదు రూపాయల లోపు పడేవి రాయండి. వాటిలో కొనేవాళ్లు ఎప్పుడో ఒకసారి మిమ్మల్ని అడిగినవాటికి గీత పెట్టండి. ఒకటి ఎంచుకొని రెండు వారాలు అందరికీ వేయండి, బోర్డు మీద రాయకుండా, స్టేటస్ పెట్టకుండా. నోటు పుస్తకంలో ఆ రెండు వారాల్లో రెండోసారి వచ్చినవాళ్లని రాసుకోండి, పేరు తెలియకపోతే "ఎర్ర స్కూటీ ఆవిడ" అన్నా సరే. అంతకుముందు రెండు వారాలు ఎంతమంది తిరిగొచ్చారో గుర్తున్నంతవరకు పక్కన వేయండి. కొసరుకైన ఖర్చు కింద రాయండి. ఆ పుస్తకం దాచి ఉంచండి, అయిదో పాఠం అప్పు ఖాతాల గురించి. ఎవరికి అప్పివ్వాలో తేల్చుకోవడానికి ఆ పేర్లతోనే పని పడుతుంది.