పదేళ్లకా, యాభైకా? స్కూబాకు దిగే ముందు

సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదే స్కూబా డైవింగ్ గురించి, సెలవులు దగ్గర పడగానే నాకు ఎదురయ్యే ప్రశ్నలు రెండే. "మా అమ్మాయికి పదేళ్లు నిండాయి, స్కూబా నేర్పించవచ్చా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. "నాకు యాభై దాటాయి, ఇప్పుడు మొదలుపెడితే నవ్వరు కదా?" అని పెద్దవాళ్లు అడుగుతారు. రెండోదానికి జవాబు తేలిక. ఎవరూ నవ్వరు. నేను నలభై ఏడో ఏట మొదటిసారి సిలిండర్ వీపుకు తగిలించుకున్నాను. అప్పుడు నా బృందంలో నాకంటే పెద్దవాళ్లు ఇద్దరున్నారు. బ్రిటన్‌కు చెందిన రే వూలీ 2019లో, 96 ఏళ్ల వయసులో, సైప్రస్ తీరాన మునిగి ఉన్న జెనోబియా ఓడ దగ్గర 42.4 మీటర్ల లోతుకు వెళ్లి వచ్చారు. కాకపోతే ఆయన దశాబ్దాలుగా నీళ్లలో ఉన్న మనిషి. ఆ వార్త చదివి ఉత్సాహపడేవాళ్లకు ఈ ముక్క గుర్తుండదు.

మొదటి ప్రశ్నకు నిబంధనల్లో జవాబుంది. డైవింగ్ నేర్పి సర్టిఫికెట్లిచ్చే ప్యాడీ సంస్థ లెక్క ప్రకారం ఎనిమిదేళ్ల పిల్లలు రెండు మీటర్లు మించని లోతులో సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌తో ఊపిరి పీల్చి చూడవచ్చు. పదేళ్లకు జూనియర్ ఓపెన్ వాటర్ అనే తొలి సర్టిఫికెట్ కోర్సు చేయవచ్చు. పది, పదకొండేళ్ల వాళ్లు 12 మీటర్లు దాటకూడదు. పక్కన డైవింగ్ సర్టిఫికెట్ ఉన్న అమ్మో నాన్నో సంరక్షకులో, లేదా వృత్తిరీత్యా డైవింగ్ చేయించేవాళ్లో ఉండాలి. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు సర్టిఫికెట్ ఉన్న పెద్దవాళ్లెవరైనా తోడుంటే చాలు. పదిహేను నిండితే పెద్దవాళ్ల సర్టిఫికెటే ఇస్తారు. పై వయసుకు హద్దేమీ లేదు.

ఇవన్నీ కోర్సులో చేర్చుకోవడానికి పెట్టుకున్న అంకెలు. మీ పిల్ల సిద్ధంగా ఉందో లేదో వాటిని చూసి తెలుసుకోలేం. నేనైతే ముందు చెవుల సంగతి అడుగుతాను. చెవినీ గొంతునీ కలిపే గొట్టం పిల్లల్లో సన్నగా, కాస్త అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు చేస్తే చెవిపోటు వచ్చే పిల్లలు కిందికి దిగేటప్పుడు పీడనాన్ని సరిచేసుకోలేక ఇబ్బంది పడతారు. ఉబ్బసం ఉంటే డైవింగ్ తెలిసిన డాక్టరు పరీక్షించకుండా ఫారంపై సంతకం పెట్టకండి. పిల్లల ఒళ్లు త్వరగా చల్లబడుతుంది కాబట్టి ఒంటికి అతికినట్టు సరిపోయే వెట్‌సూట్, అంటే డైవింగ్‌కు వేసుకునే రబ్బరు దుస్తులు, ఉండాలి. అన్నయ్యది వదులుగా ఉన్నా సర్దుకుంటుందిలే అనుకుంటే, లోపల నీళ్లు పారుతూ ఒంట్లోని వేడిని లాక్కుపోతాయి.

శరీరం సరే, మాట వినే తీరు అంతకంటే ముఖ్యం. ఒకసారి ఈతకొలను అంచున కూర్చుని ఒక తండ్రినీ, పదకొండేళ్ల కూతురినీ గమనించాను. మూడు మీటర్ల దగ్గర ఆ పిల్ల ఆగింది. అరచేయి చాచి అటూ ఇటూ ఊపి, వేలితో చెవిని చూపించింది. చెవి ఇబ్బంది పెడుతోందని చెప్పడానికి నేర్పిన సైగ అదే. తండ్రి 'ఏం ఫరవాలేదు, రా' అన్నట్టు కిందికి చేయి చూపించాడు. ఆ పిల్ల ఒక క్షణం ఆయన్ని చూసి, బొటనవేలు పైకెత్తి, నెమ్మదిగా పైకి వచ్చేసింది. డైవింగ్‌లో ఆ సైగకు 'బాగుంది' అని కాదు, 'పైకి వెళ్దాం' అని అర్థం. ఆ రోజు నీళ్లలోకి దిగడానికి తగిన వయసు ఆ ఇద్దరిలో ఎవరికి వచ్చిందంటే, నా ఓటు కూతురికే. నాన్న నొచ్చుకుంటాడేమోనని నొప్పి దాచుకునే పిల్ల అయితే ఇంకో రెండేళ్లు ఆగండి. అడగడం మీ వంతు, 'వద్దు' అనే హక్కు ఆమెది. ఆ మాట కోర్సులో చేరే ముందే ఆమెకు చెప్పండి.

ఏ వయసు వాళ్లకైనా సడలింపు లేని నియమం ఒకటుంది. సిలిండర్ గాలి పీలుస్తున్నప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. సముద్రంలో పది మీటర్ల లోతున పీడనం పైకంటే రెట్టింపు ఉంటుంది. అక్కడ గుండెల నిండా పీల్చిన గాలి బయటికి వదలకుండా పైకి వస్తే రెట్టింపు చోటు కోరుతుంది. ఆ చోటు ఊపిరితిత్తుల్లో ఉండదు. ఒక మీటరు పైచిలుకు లోతు నుంచి వచ్చినా ఊపిరితిత్తి చిట్లవచ్చు కాబట్టి, లోతులేని కొలనే కదా అని ధీమా పనికిరాదు. భయపడిన పిల్లలు మొదట చేసేది ఊపిరి బిగబట్టి పైకి ఎగబాకడమే. మాస్కులోకి నీళ్లు వచ్చినా గాభరా పడకుండా ముక్కుతో ఊది బయటికి పంపడం కొలనులో పదిసార్లు చేయించి, ఆ తర్వాతే సముద్రం మాట ఎత్తండి.

ఇక పెద్దవాళ్ల విషయం. డైవింగ్ మరణాలను పరిశీలించిన నివేదికల్లో గుండె జబ్బు పదేపదే కనిపిస్తుంది. మెడ వరకు నీళ్లలో మునగగానే కాళ్లలోని రక్తం అర లీటరుకు పైగా ఛాతీ వైపు జరుగుతుంది. గుండె ఆ అదనపు భారం మోస్తుండగానే, పైన ప్రవాహానికి ఎదురీదాల్సి వస్తే ఆ పనీ తోడవుతుంది. రక్తపోటు ఉన్నవాళ్లలో ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, సముద్రపు నీరు ఒక్క చుక్క మింగకపోయినా ఆయాసం, దగ్గు మొదలవుతాయి. అలా అనిపిస్తే డైవ్ అక్కడితో ఆపేసి, తోడున్నవారికి సైగ చేసి, నిదానంగా పైకి రావాలి.

కోర్సుకు ముందు ఇచ్చే ఆరోగ్య ఫారంలో '45 ఏళ్లు దాటాయా?' అనే ప్రశ్న ఉంటుంది. అవునంటే పొగతాగే అలవాటు, కొలెస్ట్రాల్, రక్తపోటు, కుటుంబంలో చిన్న వయసులో గుండె జబ్బు వచ్చినవాళ్లు, ఇలా అడుగుతూ పోతారు. వాటిలో ఏ ఒక్కటి అవునన్నా డాక్టరు అనుమతి తేవాలి. ఈ గళ్ల దగ్గరే చాలామంది కలం తడబడుతుంది. డబ్బు కట్టేశాం, పడవ సిద్ధంగా ఉంది, 'కాదు' అని టిక్కు పెడితే పోయేదేముందని అనుకుంటారు. అందుకే ఆ ఫారం ఇంట్లో ఉండగానే, ప్రయాణానికి నెల ముందే తెప్పించుకుని నింపండి. 1.6 కిలోమీటర్లు 14 నిమిషాల్లో నడవగలరా, ఆగకుండా 200 మీటర్లు ఈదగలరా అని కూడా అందులోనే అడుగుతారు. రేపు ఉదయమే నడిచి చూడండి. రక్తపోటుకు వాడే మందుల్లో కొన్ని గుండె వేగాన్ని అదుపు చేస్తాయి. వాటితో గట్టిగా ఈదగలరో లేదో డాక్టరునే అడగాలి. మందు మీరే మానేసి నీళ్లలోకి దిగకండి.

నలభై దాటిన మనకు ఇంకో చిన్న చిక్కుంది. సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందో చూపే మీటరు అంకెలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. నేను మొదటి డైవ్‌లో 70ని 110 అనుకున్నాను. మాస్కు అద్దానికి లోపలి వైపు అంటించే చదువు కళ్లద్దాల ముక్కలు దొరుకుతాయి. సిగ్గుపడకుండా కొనుక్కోండి. పైకి వచ్చాక బరువులు, సిలిండర్ నీళ్లలోనే విప్పి పడవ మీదివాళ్లకు అందించి, ఖాళీ ఒంటితో నిచ్చెన ఎక్కండి. సామాను వీపు మీద మోస్తూ ఎక్కడం కుర్రవాళ్లకు వదిలేయవచ్చు.

ఇరవైల్లో సర్టిఫికెట్ తీసుకుని, పదిహేనేళ్ల తర్వాత పిల్లల్ని వెంటబెట్టుకుని దిగేవాళ్ల గురించి నాకు ఎక్కువ బెంగ. కార్డుకు గడువు లేదు, చేతులకు ఆ అలవాటు పోయి ఉంటుంది. పిల్ల కోర్సులో చేరిన రోజే మీరూ కొలనులో పునశ్చరణ పాఠం చేయండి. లేకపోతే ఆ పిల్లకు తోడుగా ఇంకొకరిని పెట్టండి.

డైవ్ రోజు జలుబుంటే దిగకండి. ముక్కు తెరిపించే మందు వేసుకుని దిగితే, దాని ప్రభావం లోతులో ఉండగా తగ్గిపోయి పైకి వచ్చేటప్పుడు చెవి మూసుకుపోవచ్చు. ముందు రాత్రి మద్యం వద్దు, నీళ్లు బాగా తాగండి. పైకి వస్తూ ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి. తిరుగు విమానం టికెట్టు కొనేటప్పుడే లెక్క చూసుకోండి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా కొన్ని రోజులు దిగితే కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. ఆఖరి రోజు ఇసుకలో ఆడుకోవడానికి ఉంచుకోండి.