ల్యాప్‌టాప్ స్క్రీన్ పగిలిందా? టీవీకి కలిపి వాడుకోవడం ఎలా?

మంచం మీంచి జారి పడటం, కీబోర్డు మీద ఇయర్‌ఫోన్స్ ఉండగానే మూత టక్కున మూసేయడం, పిల్లలు తెర పట్టుకుని ల్యాప్‌టాప్ ఎత్తడం... స్క్రీన్లు పగిలేది ఎక్కువగా ఇలాగే. పోయింది ప్యానెల్ ఒక్కటే అయితే మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంట్లో హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ ఉంటే ఈ పూటకి పని గడిచిపోతుంది. కొత్త ప్యానెల్ వేయించాలా, మానిటర్ కొనుక్కోవాలా అన్నది తర్వాత నిదానంగా చూసుకోవచ్చు. కింద చెప్పేది విండోస్ 10, 11 ఉన్న ల్యాప్‌టాప్‌లకి.

పోయింది స్క్రీనేనా?

పవర్ బటన్ నొక్కాక ఫ్యాన్ తిరుగుతోందా? క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా? అయితే లోపల అంతా బానే పనిచేస్తున్నట్టు. తెర పూర్తిగా నల్లగా ఉంటే గదిలో లైటు తీసేసి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. మసగ్గా బొమ్మ కనబడితే బ్యాక్‌లైట్, అంటే తెర వెనక వెలిగే లైటు పోయిందన్నమాట. ఫ్యాన్ లేదు, ఏ లైటూ లేదంటే మాత్రం టీవీ తగిలించి లాభం లేదు, రిపేరుకి ఇవ్వాల్సిందే.

పగిలిన తెర మీద వెడల్పాటి టేపు అంటించండి. లేకపోతే గాజు పెంకులు కీబోర్డు సందుల్లోకి రాలతాయి, వేళ్లకి గుచ్చుకుంటాయి.

కేబుల్

ల్యాప్‌టాప్ పక్కన హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు, సెట్‌టాప్ బాక్సుకి వాడేదైనా సరే. పాత మానిటర్‌కి నీలం రంగు వీజీఏ పోర్టే ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ కావాలి. కొనేటప్పుడు ఎటు నుంచి ఎటో షాపులో స్పష్టంగా చెప్పండి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరే వస్తువు, అది ఈ పని చేయదు. వీజీఏలో సౌండ్ రాదు.

టైప్-సి పోర్టు మాత్రమే ఉన్న సన్నటి ల్యాప్‌టాప్‌లతో కాస్త జాగ్రత్త. టైప్-సి ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని కాదు. పోర్టు పక్కన థండర్‌బోల్ట్ అనే మెరుపు గుర్తో, డిస్‌ప్లేపోర్ట్ గుర్తో ఉంటే ధైర్యంగా అడాప్టర్ కొనొచ్చు. ఏ గుర్తూ లేకపోతే మోడల్ నంబరుతో కంపెనీ సైట్లో చూసి కొనండి.

తెర కనబడకుండా లాగిన్ అవ్వడం

అసలు చిక్కంతా ఇక్కడే. కేబుల్ పెట్టగానే బొమ్మ వచ్చేస్తే మీ అదృష్టం. చాలాసార్లు టీవీ ‘నో సిగ్నల్’ అనే అంటుంది, లేదా వాల్‌పేపర్ ఒక్కటే చూపించి ఊరుకుంటుంది.

ల్యాప్‌టాప్ పవర్ బటన్‌ని పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపేయండి. కేబుల్ రెండు వైపులా పెట్టి, టీవీ ఆన్ చేసి, రిమోట్‌లో సోర్స్ నొక్కి సరైన హెచ్‌డీఎంఐ ఎంచుకోండి. కేబుల్ రెండో పోర్టులో పెట్టి మొదటి పోర్టు ముందు గంటసేపు కూర్చునేవాళ్లు బోలెడంత మంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగండి.

బొమ్మ రాలేదా? వేలిముద్రతో తెరుచుకునే ల్యాప్‌టాప్ అయితే వేలు పెట్టండి, అంతే. లేకపోతే ఎంటర్ ఒకసారి నొక్కి, రెండు సెకన్లు ఆగి, పిన్ గానీ పాస్‌వర్డ్ గానీ నిదానంగా కొట్టి మళ్లీ ఎంటర్ నొక్కండి. అంతకు ముందే క్యాప్స్ లాక్ లైటు ఆరి ఉందో లేదో చూసుకోండి. తప్పు పడిందని అనుమానం వస్తే టెన్షన్ పడి వరసగా కొట్టకండి. నాలుగైదు సార్లు తప్పితే విండోస్ తెర మీద ఒక కోడ్ చూపించి అది టైప్ చేయమంటుంది, అది మీకెలాగూ కనబడదు. రీస్టార్ట్ చేసి మొదట్నుంచి రండి.

ఎక్కడున్నామో తెలియకపోతే విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ మూడూ కలిపి నొక్కండి. నేరేటర్ మొదలై తెర మీద ఏముందో ఇంగ్లీషులో చదివి వినిపిస్తుంది. మళ్లీ అవే నొక్కితే ఆగుతుంది. చూపు లేనివారి కోసం పెట్టిన ఈ సదుపాయం ఇలాంటప్పుడు మనకీ అక్కరకొస్తుంది.

లాగిన్ అయ్యాక విండోస్ కీ పట్టుకుని ‘పి’ నొక్కి వదిలేయండి. కనబడకపోయినా అక్కడ నాలుగు వరుసల మెనూ తెరుచుకుంటుంది: ల్యాప్‌టాప్ తెర మాత్రమే, రెండింటిలో ఒకటే బొమ్మ, రెండూ కలిపి ఒకే పెద్ద తెర, రెండో తెర మాత్రమే. కింది బాణం ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టండి. ఒక్కసారే ఎందుకంటే, మీరు మొదటి వరుసలో ఉంటే రెండో దానికి జరిగి టీవీలో బొమ్మ వస్తుంది. మూడో దాంట్లో ఉంటే, అంటే వాల్‌పేపర్ మాత్రమే కనబడుతుంటే, నాలుగో దానికి జరుగుతుంది. ఎటైనా మనకి కావలసిందే. అయిదు సెకన్లలో ఏమీ రాకపోతే ఇంకోసారి ఇలాగే చేయండి.

అప్పటికీ రాకపోతే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెరకి బొమ్మ పంపే సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదలవుతుంది, చిన్న బీప్ వినబడుతుంది.

బొమ్మ వచ్చాక

ముందు ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకో క్లౌడ్‌లోకో ఎక్కించేయండి. మిగతావన్నీ తర్వాత.

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రెండో తెర మాత్రమే అన్నది ఎంచుకుంటే మౌస్ బాణం పగిలిన తెరలోకి పారిపోదు. టీవీలో టాస్క్‌బార్ సగం కోసేసినట్టు ఉంటే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ లాంటి పేరుతో ఉన్నది ఆన్ చేయండి.

మీది టచ్ స్క్రీన్ అయితే పగిలిన గాజు తనంతట తానే క్లిక్కులు కొడుతూ పిచ్చెక్కిస్తుంది. డివైస్ మేనేజర్‌లో హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ కింద టచ్ స్క్రీన్ పేరున్న దాన్ని డిసేబుల్ చేస్తే ఊరుకుంటుంది.

మూత మూసి వాడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, చార్జర్ పెట్టి ఉన్నప్పుడు మూత మూస్తే ‘డూ నథింగ్’ అని పెట్టండి. కీబోర్డు, మౌస్ విడిగా తగిలించుకోవాలి. కొన్ని మోడళ్లు కీబోర్డు సందుల్లోంచి కూడా వేడి వదులుతాయి కాబట్టి ఎండాకాలంలో మూత కొంచెం తెరిచి ఉంచడమే మేలు. మ్యాక్‌బుక్ అయితే చార్జర్, విడి కీబోర్డు, మౌస్ పెట్టి మూత మూస్తే అదే బయటి తెరకి మారుతుంది.

మూత ఎలాగూ పాడైందని స్క్రీన్ భాగం మొత్తం ఊడదీసే వీడియోలు చాలా ఉన్నాయి. నా సలహా, వద్దు. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై యాంటెన్నా తీగలు ఆ తెర చుట్టూనే ఉంటాయి. తీసేస్తే పక్క గదిలో రౌటర్ ఉన్నా సిగ్నల్ అందదు. కెమెరా, చాలావాటిలో మైకు కూడా అక్కడే.

రోజూ సీరియల్ టైముకి టీవీ వదలాల్సి వస్తుంటే సెకండ్ హ్యాండ్ మానిటర్ చూసుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఆఫీసులు వదిలేసిన మానిటర్లు దొరుకుతాయి. హెచ్‌డీఎంఐ ఉన్నదే అడగండి, అక్కడే మీ ల్యాప్‌టాప్‌కి తగిలించి చూసి మరీ డబ్బులివ్వండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ మానిటర్ ఆరిపోతుంది. అప్పుడు కంట్రోల్ పట్టుకుని ‘ఎస్’ కొడితే, ముందున్న ఫైలు అప్పటికే ఒకసారి సేవ్ చేసినదైతే కనబడకపోయినా సేవ్ అవుతుంది.