అయస్కాంతంతో నడిచే మైక్రో పంపు: మూడు గదులు, ఒక మోటారు

సన్నని కాలువలున్న చిప్ లోపల ద్రవాన్ని కదిలించాలంటే అయస్కాంతాన్ని ద్రవంలో ముంచక్కర్లేదు. పైన ఉన్న పలుచని సిలికాన్ పొరకు దాన్ని అతికిస్తే చాలు. కింద మోటారు తిప్పే అయస్కాంతాలు దాన్ని లాగి, కాలువలోని మూడు గదులను ఒకదాని తర్వాత ఒకటి మూస్తుంటే ద్రవం ముందుకు కదులుతుంది. మోటారు, వైర్లు అన్నీ చిప్ అడుగున ఉండే గాజు కిందే ఉంటాయి. సిలికాన్‌ను గాజుకు అతికించే ప్లాస్మా యంత్రం లేని తిరుపతి, చిత్తూరు కాలేజీ ల్యాబుల్లోనూ దీన్ని చేసుకోవచ్చు.

అచ్చుతో మొదలుపెట్టండి. లోపలి కొలత 70×20 మి.మీ. మధ్యలో 60 మి.మీ. పొడవైన గట్టు (సిలికాన్‌లో ఇదే కాలువ అవుతుంది), దాని వెడల్పు 1 మి.మీ., ఎత్తు 0.25 మి.మీ. ఒకదానికొకటి 20 మి.మీ. దూరంలో మూడుచోట్ల దాన్ని 4×5 మి.మీ. గదులుగా వెడల్పు చేయండి. గట్టు పైభాగం గుండ్రంగా ఉండాలి. మూలలు చదరంగా ఉంటే పొర ఎంత నొక్కినా మూలల్లోంచి ద్రవం జారుతుంది, పంపు ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు. రెజిన్‌తో ప్రింట్ చేసిన అచ్చును ఆల్కహాల్‌తో కడిగి, యూవీ వెలుగులో గట్టిపరచి, రాత్రంతా 60 డిగ్రీల్లో ఉంచండి. లేకుంటే సిలికాన్ అంటుకున్నచోట జిగటగా మిగిలిపోతుంది. రబ్బరు గ్లవ్స్ వాడినా అంతే, వాటిలోని గంధకం సిలికాన్‌ను గట్టిపరిచే ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. నైట్రైల్ గ్లవ్స్ తొడుక్కోండి.

పీడీఎంఎస్ అనే పారదర్శక సిలికాన్‌ను, దాని గట్టిపరిచే ద్రవాన్ని 10:1లో కలిపి, వాక్యూమ్‌లో బుడగలు తీసి, అచ్చులో 0.63 గ్రాములు తూచి పోయండి. గదుల మీద 0.2 మి.మీ. పొర వస్తుంది. అచ్చు సమతలంగా లేకపోతే ఒక గది మీద మందం, మరోదాని మీద పలుచన. ఏప్రిల్, మే ఎండల్లో మిశ్రమం త్వరగా చిక్కబడుతుంది, కలిపిన వెంటనే పోయండి. 70 డిగ్రీల్లో రెండు గంటలు. తీసిన పొర అడుగుకు పచ్చి సిలికాన్ పలుచగా అద్ది, గాజు స్లైడు మీద పెట్టి మళ్లీ వేడిచేయండి. రెండు చివరలా గొట్టాల కోసం 5 మి.మీ. మందపు సిలికాన్ ముక్కలు అతికించాలి.

ఇక అయస్కాంతాలు. ప్రతి గది మీదా 3 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. మందం గల నియోడైమియం అయస్కాంత బిళ్ళ, మూడూ ఒకే ధ్రువం కిందికి. అతికించే ముందే పెన్నుతో గుర్తు పెట్టుకోండి. గాజు కింద 60 ఆర్‌పీఎం గేర్ మోటారు ఇరుసు మీద 20 మి.మీ. వ్యాసం గల మూడు చక్రాలు, ఒక్కో గది కింద ఒకటి. ఒక్కో చక్రం అంచున 5 మి.మీ. అయస్కాంతాలు ఐదు, పక్కపక్కనే, బిళ్ళలను ఆకర్షించే ధ్రువం బయటికి. చక్రాలను 120 డిగ్రీల తేడాతో తిప్పి బిగించండి. గాజుకూ చక్రానికీ మధ్య 1 మి.మీ. ఖాళీ.

ఐదే ఎందుకంటే, చుట్టుకొలత 63 మి.మీ.లో ఐదు కలిసి 25 మి.మీ. ఆక్రమిస్తాయి, అంటే మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఒక గది విడిచేలోపు పక్కది మూసుకోవాలి. మూడూ ఒకేసారి తెరుచుకున్న క్షణంలో ద్రవం వెనక్కి పోతుంది. పంపు తిరుగుతోంది కానీ ప్రవాహం లేదంటే చాలాసార్లు కారణం ఇదే.

నడిపే ముందు ఆల్కహాల్‌తో నింపి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌కు మారండి. నేరుగా నీళ్లు పోస్తే బుడగలు చిక్కుకుంటాయి. బోరు నీళ్లు వద్దు, సున్నం పేరుకుంటుంది.

తిప్పుకు గరిష్ఠంగా సుమారు 2 మైక్రోలీటర్లు, అంటే నిమిషానికి 120. అసలు ఎంత వస్తోందో 10 నిమిషాలు సేకరించి తూచండి, ఒక మిల్లీగ్రాము నీరు ఒక మైక్రోలీటరు. వేసవిలో ఆవిరి లెక్కను చెడగొట్టకుండా పాత్రలో నూనె పొర వేయండి. పీడబ్ల్యూఎంతో (మోటారుకు కరెంటును వేగంగా ఆపుతూ ఇస్తూ) వేగం తగ్గిస్తే ప్రవాహం తగ్గుతుంది, మోటారు ఎదురు తిప్పితే దిశ మారుతుంది. వేగం పెంచుతుంటే ఒక దశ దాటాక ప్రవాహం పడిపోతుంది, పొర తిరిగి లేవడానికి సమయం చాలదు. పొర గాజుకే అతుక్కుపోతుంటే చక్రాన్ని అర మిల్లీమీటరు కిందికి దించండి.